చీనీ తోటలో నాలుగు వరుసలు: ఉద్యోగం చేస్తూ కన్సల్టెన్సీకి ఒప్పుకున్న నా అనుభవం

2023 ఆగస్టు. వాన మొహం చాటేసిన ఏడాది. శనక్కాయ విత్తినవాళ్లు మబ్బు వైపు చూస్తుంటే, విత్తనివాళ్లు విత్తినవాళ్ల వైపు చూస్తున్నారు. ఒక ఆదివారం పొద్దున అనంతపురంలో మా ఇంట్లో ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే ఫోన్ మోగింది. గార్లదిన్నె వైపు ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం ఛైర్మన్. ఇక్కడ అందరూ ఎఫ్‌పీఓ అనే అంటారు. బత్తాయిని మా వైపు చీనీ అంటాం.

"మేడం, మీరు ఆ పొద్దు మీటింగులో చీనీ ఆకుల గురించి చెప్పినారు గదా, నంబరు అప్పుడే రాసిపెట్టుకున్న్యా. మా చెట్లు పైనుంచి ఎండుకుంటా వస్తాండాయి. ఒకరేమో బెట్ట ఎక్కువైందంటారు, ఒకరేమో తెగులంటారు, అంగడాయన సంచి మీద సంచి ఇస్తాండాడు. మీరొచ్చి చూడాల. ఊరికే వద్దు, ఫీజు ఇస్తాం."

నేను సాయిల్ సైంటిస్టుని. సూక్ష్మపోషకాలు తయారుచేసే ఒక కంపెనీ పరిశోధన క్షేత్రంలో అప్పటికి తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. కంపెనీ పేరు వద్దు, దానితో ఇక్కడ పని లేదు. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో ఇనుము, జింకు మొక్కకు ఎట్లా అందుతాయి, ఎందుకు అందవు అన్నదే నా రోజువారీ పని. రైతులు ఫోన్ చేస్తే ఇన్నేళ్లూ తోచిన సలహా చెబుతూనే ఉన్నాను. కంపెనీని అడగలేదు, వాళ్లూ పట్టించుకోలేదు. కానీ ఫీజు అన్న మాట రాగానే అది సాయం కాదు, ఇంకో పని అవుతుంది.

మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. "డబ్బు తీసుకోకుండా వెళ్లిరా, ఏ గొడవా ఉండదు" అన్నాడు. నాకూ మొదట అదే తోచింది. కానీ ఊరికే వెళ్తే ఒకసారి వెళ్తాను, చెట్లు చూసి నాలుగు మాటలు చెప్తాను, కాఫీ తాగి వస్తాను. ఎండుతున్న తోటకు ఒక్క చూపు చాలదు. కొత్త చిగురు వచ్చేదాకా నెలనెలా చూడాలి. దాచడమెందుకు, ఆ డబ్బు కూడా నాకు కావాలి. ఇంటి లోను నడుస్తోంది. ఇంకో కోరిక కూడా ఉంది. తొమ్మిదేళ్లుగా కంచె లోపలి మళ్లలో, గీత గీసినట్టుండే వరుసల్లో పనిచేసి, అచ్చంగా రైతు చేతుల్లో పెరిగిన తోటలో నా చదువు నిలబడుతుందో లేదో చూడాలనిపించింది.

ఛైర్మన్‌కు రెండు వారాలు టైం ఇవ్వమని చెప్పి అపాయింట్‌మెంట్ లెటర్ వెతికాను. బీరువాలో పాప టీకాల కార్డు కింద, ఆధార్ జిరాక్సుల మధ్య దొరికింది. చేరిన రోజు చివరి పేజీలో సంతకం పెట్టడం తప్ప అంతకుముందు ఎప్పుడూ చదివిన పాపాన పోలేదు. నాలుగు పేజీలు. నాకు సంబంధించినవి మూడు షరతులు. ఒకటి, ఇది పూర్తికాలపు ఉద్యోగం, ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా జీతానికైనా, జీతం లేకుండానైనా బయట ఏ పనీ చేయకూడదు. "జీతం లేకుండానైనా" అన్న మాట చదివాక మా ఆయన ఐడియా అక్కడే పోయింది. రెండు, కంపెనీ రహస్య సమాచారం బయటికి చెప్పకూడదు. ఇది ఊహించిందే. మూడోది నన్ను ఎక్కువగా భయపెట్టింది. ఉద్యోగంలో ఉన్న కాలంలో, పని వేళల్లోనైనా కాకపోయినా, కంపెనీ వ్యాపారానికి సంబంధించి నేను కనిపెట్టిందీ, రాసిందీ, తయారుచేసిందీ అంతా కంపెనీదే. అంటే ఆదివారం గార్లదిన్నె చేన్లో కూర్చుని రైతుకు రాసిచ్చిన రిపోర్టు కూడా కంపెనీ ఆస్తి అయ్యే ప్రమాదం ఉంది. మన పేటెంట్ల చట్టంలో ఉద్యోగి కనిపెట్టింది ఎవరికి చెందుతుందని విడిగా నిబంధన లేదు. అందుకే ఆ ఉద్యోగ ఒప్పందంలో ఏం రాసుకున్నామన్నదే ముఖ్యమవుతుంది.

మా పిన్ని కొడుకు కర్నూలులో వకీలు. వాడికి ఫోన్ చేసి, ఎక్కడో విన్న ముక్క ఒకటి తెలివిగా వేశాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, వృత్తి వ్యాపారాలు చేసుకోనివ్వకుండా కట్టడి చేసే ఒప్పందం చెల్లదు కదా అని. వాడు నవ్వాడు. "అక్కా, ఆ సెక్షను నువ్వు ఉద్యోగం మానేసినాక నీ కాళ్లకు వేసే బంధాలకు పనికొస్తుంది. నెలనెలా జీతం తీసుకుంటా బయట పని చేయకూడదన్న షరతును కోర్టులు ఒప్పుకుంటానే ఉండాయి. అడిగి చేసుకో. అడగడానికి ఏమైంది?"

ఎమ్మెస్సీలో నాతో చదివిన స్నేహితుడొకడు కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉన్నాడు. వాళ్ల దారి వేరు. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 15వ రూలు ఉంది. ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం గానీ ఇంకో ఉద్యోగం గానీ చేయకూడదు. అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనికి మాత్రం, అసలు విధులకు అడ్డు రానంతవరకు మినహాయింపు. నెలనెలా తోటలు తిరిగి ఫీజు తీసుకోవడం ఆ "అప్పుడప్పుడూ"లోకి రాదని వాడే చెప్పాడు. వాళ్ల దగ్గర కన్సల్టెన్సీ అంటే రైతు సంఘమైనా కంపెనీ అయినా సంస్థకే రాయాలి, డబ్బు సంస్థకే కట్టాలి, అందులోంచి సైంటిస్టుకు వాటా వస్తుంది. ఐఐటీ ప్రొఫెసర్లకు వారానికి ఒక రోజు దాకా కన్సల్టెన్సీ చేసుకునే వీలుంటుందని కూడా వాడే అన్నాడు, కొంచెం కుళ్లుగా. నాకు ఈ ఏర్పాట్లేవీ లేవు. నా రూల్స్ పుస్తకమంతా ఆ నాలుగు పేజీలే. 2022లో ఐటీ కంపెనీల్లో మూన్‌లైటింగ్, అంటే ఉద్యోగం చేస్తూ చాటుగా ఇంకో పని చేయడం, మీద గొడవ రేగినప్పుడు మా హెచ్‌ఆర్ వాళ్లు కూడా అందరికీ ఏదో మెయిల్ పంపినట్టు గుర్తు. ఐటీవాళ్ల సంగతి మనకెందుకని చదవకుండానే డిలీట్ చేశాను. ఇప్పుడు వెతికితే ట్రాష్‌లో కూడా లేదు.

సోమవారం మా పెద్దాయన్ని, అంటే పరిశోధన విభాగం హెడ్డును, అడిగాను. "వెళ్లిరామ్మా, రైతులకు మంచిదే కదా" అన్నాడు చూస్తున్న ఫైల్లోంచి తల ఎత్తకుండానే. ఆ ఒక్క మాట పట్టుకుని బండెక్కేసి ఉంటే ఏమయ్యేదో తర్వాత మీకే తెలుస్తుంది. ఆయన మంచివాడే. కానీ మంచివాళ్లకు బదిలీలు ఉంటాయి, మతిమరుపు ఉంటుంది, పైవాళ్లూ ఉంటారు. ఆ సాయంత్రమే మెయిల్ రాశాను. ఎవరు అడిగారు, ఏ పంట, ఎన్ని సార్లు వెళ్లాలి, ఏ రోజుల్లో, ఎంత ఫీజు, కంపెనీవి ఏమేమి వాడుకోను, అన్నీ. ఎంత ఫీజు అన్నది రాయాలా వద్దా అని గంటసేపు కొట్టుకున్నాను. చివరికి రాసేశాను. అంకె దాస్తే తర్వాత వాళ్లకు దాపరికం ఒక్కటే కనబడుతుంది.

ఐదు వారాలు జవాబు లేదు. రెండుసార్లు గుర్తు చేశాను. ఒకరోజు హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్ చేసి గొంతు తగ్గించి అడిగింది, "మేడం, మీరు రిజైన్ చేస్తున్నారా?" ఇంకోవైపు ఛైర్మన్ రోజు విడిచి రోజు ఫోన్. "ఒక్కసారి వచ్చి చూసిపోండి మేడం, కాగితాలు తర్వాత చేసుకుందాం." చెట్లు ఎండుతుంటే ఆయన తొందర ఆయనది. ఇక్కడ చీనీ తోట అంటే చేను మాత్రమే కాదు. కరువు ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు తోలి బతికించుకున్న చెట్లవి. వద్దనడం నాకు తేలికైన పని కాలేదు. అయినా వెళ్లలేదు.

అక్టోబరు మొదటి వారంలో అనుమతి వచ్చింది, షరతులతో. సెలవు రోజుల్లోనే వెళ్లాలి. కంపెనీ ల్యాబు, జీపు, లెటర్‌హెడ్, పేరు ఏవీ వాడకూడదు. ప్రచురించని డేటా బయటికి పోకూడదు. పోటీ కంపెనీలకు పని చేయకూడదు. అనుమతి ఏడాదికే, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇవన్నీ న్యాయంగానే అనిపించాయి. ఒక్కదాని కోసం మాత్రం మళ్లీ రాశాను. ఆ సంఘం తోటల్లో తీసిన మట్టి, ఆకు ఫలితాలు, నేనిచ్చే రిపోర్టు సంఘానివేనని, వాటికి నా అపాయింట్‌మెంట్ లెటర్లోని మూడో షరతు వర్తించదని ఒక్క లైను కావాలన్నాను. లీగల్ డిపార్ట్‌మెంట్ దానికి ఇంకో పది రోజులు తీసుకుంది. వచ్చింది నిజంగానే ఒక్క లైనే. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన లైను అదేనని అప్పుడు నాకు తెలియదు.

సంఘంతో ఒప్పందం నేనే తెలుగులో రెండు పేజీలు రాశాను. నవంబరు నుంచి మార్చి దాకా ఆరు సార్లు వస్తాను, సారికి 20,000 రూపాయలు, ల్యాబు ఖర్చు సంఘానిది. రిపోర్టులో రసాయనం పేరే ఉంటుంది, బ్రాండు పేరు ఉండదు. నా కంపెనీ సరుకును మెచ్చుకోను, తిట్టను. కంపెనీలో పనిచేస్తూ మాత్రమే తెలుసుకున్న విషయం అడిగితే చెప్పను. ఫలితాలు సంఘానివి, వాళ్లు ఒప్పుకుంటే తప్ప నేను ఎవరికీ చెప్పను. ఛైర్మన్ చదివి, "మా పాప పెండ్లికి కూడా ఇంత రాసుకోలేదు మేడం" అన్నాడు. డైరెక్టర్లలో ఒకాయనకు ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది. బ్రాండు పేరు ఉండదన్న చోట ఆయన మొహం మారింది. "పేరు లేకుంటే రైతు ఏం కొనాల?" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. కానీ నేను పేరు రాస్తే అది సలహా కాదు, సేల్స్.

నవంబరు మొదటి ఆదివారం మా ఆయన బండి మీద వెళ్లాం. ఆ తోట యజమానికి డెబ్బై దాటి ఉంటాయి. అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. చెట్ల వయసు పన్నెండేళ్లు. మొదట గుంత తీయించాను, మూడడుగుల లోతు. పైన అడుగున్నర ఎర్రమన్ను, దాని కింద తెల్లటి సుద్ద గడ్డలు. చిన్న డ్రాపర్ సీసాలో పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ తీసుకెళ్లాను. పైమట్టి మీద నాలుగు చుక్కలు వేస్తే ఒకటి రెండు బుడగలు వచ్చి ఆగిపోయాయి. కింది తెల్లమట్టి మీద వేస్తే సోడా బుడ్డి కొట్టినట్టు బుస్సుమని పొంగింది. పెద్దాయన గుంత అంచున గొంతుక్కూర్చుని, "ఇంకోసారి ఎయ్యమ్మా" అన్నాడు. వేశాను. మళ్లీ పొంగింది. "మా నాయన బావి తవ్వినప్పుడు ఈ తెల్లమన్నే గోడలకు పూసినాం" అన్నాడు. సున్నం ఎంత ఉందో ఆయనకు నాకంటే ముందే తెలుసు. దాని పేరు మాత్రమే నేను చెప్పాను.

ఎర్రనేలలో ఎరుపంతా ఇనుమే. అయినా చెట్టుకు ఇనుము చాలడం లేదు. సున్నం నిండిన నేలలో పీహెచ్ (నేల పులుపో క్షారమో చెప్పే అంకె) ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఇనుము వేరుకు అందని రూపంలోకి మారిపోతుంది. ముందున్న అన్నం కుండకు మూత బిగించినట్టు. లేత ఆకు పసుపెక్కుతుంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వల వేసినట్టు మిగులుతాయి. ఈ తోటలో సగానికి పైగా చెట్లు ఇట్లాగే ఉన్నాయి. జింకు లోపం కూడా తోడైంది. ఆకులు చిన్నవై, సన్నబడి, గుత్తులుగా వచ్చాయి.

అయితే తోటలో ఒక మూల పదకొండు చెట్ల కథ వేరు. అక్కడ ఆకులు పసుపెక్కకుండానే వడలి, కాయలు చెట్టుమీదే ఉండగా కొమ్మలు ఎండుతున్నాయి. చెట్టు మొదట్లో మట్టి తీసి వేరు బెరడు గోకితే ఊడి వచ్చింది, లోపల గోధుమరంగు, ముక్కిన వాసన. వేరుకుళ్లు. ఆ అంట్లన్నీ జంబేరి అనే నిమ్మజాతి వేరుమొక్క మీద కట్టినవి. జంబేరి వేరుకు ఈ తెగులు తొందరగా పడుతుంది. అందుకే కొత్తగా నాటేవాళ్లకు రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లు మేలని పరిశోధన కేంద్రాలు చెబుతూ వచ్చాయి. అంటే ఒకే తోటలో రెండు జబ్బులు. అంగడాయన రెండింటికీ ఒకే సంచి ఇచ్చాడు. మూలనున్న చెట్ల చుట్టూ దుక్కి ఆపమన్నాను, వేర్లకు గాయం కాకుండా. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా, అంటే తెగులును అణిచే మేలురకం బూజు, కలిపి వేయమన్నాను. మూడు చెట్లు మాత్రం ఎట్లా చూసినా పోయేవే. పెద్దాయన వాటిని తాకి చూసుకుని ఏమీ అనలేదు.

ఆకులు, మట్టి తీసుకున్నాను. ఆకు నమూనాకు ఐదు నుంచి ఏడు నెలల వయసున్న ఆకును, కాయ లేని కొమ్మ నుంచి తీయాలి. కంటికి నచ్చిన ఆకు కోస్తే ఫలితం అబద్ధం చెబుతుంది. అసలు కష్టం ఆ తర్వాత. ఈ ఆకులను పరీక్షించే మెషీన్ మా కంపెనీ ల్యాబులో, నా టేబుల్‌కు ఇరవై అడుగుల దూరంలో ఉంది. సోమవారం పొద్దున పెడితే సాయంత్రానికి అంకెలు చేతిలో ఉంటాయి, ఎవరికీ తెలియను కూడా తెలియదు. బయట ప్రైవేటు ల్యాబుకు పంపి పన్నెండు రోజులు ఆగాను. ఆ పన్నెండు రోజులూ ఆ మెషీన్ పక్కనుంచి పోయినప్పుడల్లా దాని ఫ్యాను చప్పుడు నన్నే పిలుస్తున్నట్టు ఉండేది. ఫలితాలు అనుకున్నట్టే వచ్చాయి. మట్టిలో మొక్కకు అందే ఇనుము 3.1 పీపీఎం (పదిలక్షల్లో అన్ని వంతులు), ఉండాల్సింది కనీసం 4.5. జింకు 0.4, కనీసం 0.6 ఉండాలి.

జింకుకు దారి పాతదే. జింకు సల్ఫేటు లీటరు నీటికి 5 గ్రాములు, ఆకుల మీద పిచికారీ. మా కంపెనీ దీనికంటే ఖరీదైన చీలేటెడ్ జింకు (బిగుసుకుపోకుండా ఒక సేంద్రియ అణువు పట్టి ఉంచే రకం) అమ్ముతుంది. రిపోర్టులో "జింకు సల్ఫేటు" అని రాసేటప్పుడు చెయ్యి కాసేపు ఆగింది. అనుమతి లేఖ మళ్లీ తీసి చదివాను. నిజం రాయొద్దని అందులో ఎక్కడా లేదు.

ఇనుము దగ్గర చిక్కు వచ్చింది. జనవరిలో, పూత కోసం నీళ్లాపి పెట్టిన బెట్ట విడిచి మళ్లీ నీళ్లు పెట్టే ముందు, తోటలో పదిమంది రైతులు చేరారు. చీలేటెడ్ ఇనుములో ఈడీటీఏ రకం మన నేలల్లో నిలవదు, పీహెచ్ ఎక్కువైతే విడిపోతుంది, ఈడీడీహెచ్‌ఏ రకం నిలుస్తుంది, కాకపోతే ఖరీదు అని చెప్పాను. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. అప్పుడు పెద్దాయన అడిగాడు. "చెట్టుకు ఎన్ని గ్రాములు ఎయ్యల్ల? ఎప్పుడు ఎయ్యల్ల?"

ఆ అంకె నాకు తెలుసు. ఇట్లాంటి సున్నపు నేలలోనే, ఇదే చీనీ మీద మూడేళ్లు ట్రయల్ వేశాం. ఎండలో నిలబడి ఆకులు లెక్కపెట్టింది నేనే, అంకెలు నోట్‌బుక్కులో రాసింది నా చేత్తోనే. కానీ ఆ నోట్‌బుక్కు కంపెనీది. అది ఇంకా ఎక్కడా అచ్చు కాలేదు. పదిమంది ముందు నోరు తెరిచి మళ్లీ మూశాను. "అది నేను చెప్పకూడదు పెద్దాయనా. కంపెనీ పనిలో తెలుసుకున్నది. కాగితంలో రాసుకున్నాం గదా."

"తెలుసు, గాని చెప్పవు."

"తెలుసు. చెప్పకూడదు."

తోటలో ఎవరూ మాట్లాడలేదు. తెలియదని ఒక అబద్ధం ఆడి ఉంటే ఇంత ఇబ్బంది ఉండేది కాదు. పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అన్నాడు, "తోట మాది, మట్టి మాది, తెలివి ఇంకొకరిది." కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. ఆయన మాటకు జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. ఆ మూడేళ్లూ జీతమిచ్చింది, భూమి ఇచ్చింది, మెషీన్ కొన్నది కంపెనీ. అదీ నిజమే.

కాసేపాగి, "అంకె నేను చెప్పను గానీ, మీరే కనుక్కోవచ్చు" అన్నాను. ఒకే రకంగా పసుపెక్కిన నాలుగు వరుసలు ఎంచుకున్నాం. ఒక వరుసకు ఏమీ వేయకూడదు. ఒకదానికి అంగట్లో దొరికే ప్యాకెట్ మీద అచ్చయిన మోతాదు, ఒకదానికి అందులో సగం, ఇంకోదానికి ఒకటిన్నర రెట్లు. ఏ కంపెనీ ప్యాకెట్ కొన్నారో నాకు చెప్పొద్దన్నాను, బిల్లు కూడా చూపించొద్దన్నాను. సగం, పూర్తి, ఒకటిన్నర అన్న లెక్క ఎవరైనా వేసుకునేదే. నా నోట్‌బుక్కులోని అంకెను బట్టి ఎంచితే అది దొడ్డిదారిన చెప్పినట్టే అవుతుంది. నాకు తెలిసిన అంకె ఈ మూడింటిలో ఉందో లేదో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా చెప్పను.

ఏమీ వేయని వరుస దగ్గర మాత్రం పెద్దాయన మొరాయించాడు. "ముగ్గురు బిడ్డలకు పెట్టి ఒక బిడ్డను పస్తు పండబెట్టమంటావా?" చివరికి ఆ వరుసకు ముందు ఏటి పశువుల ఎరువు ఒక తట్ట ఎక్కువ వేస్తానన్నాడు. అట్లా వేస్తే లెక్క తప్పుతుందని, వేస్తే నాలుగు వరుసలకూ వేయమని బతిమాలాల్సి వచ్చింది.

ఫిబ్రవరిలో అసలు గొడవ. తోటలో నేను ఆకు పట్టుకుని చూపిస్తున్న ఫొటో ఒకటి రైతుల వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది. ఎవరు పెట్టారో ఊహించవచ్చు. కింద మా కంపెనీ పేరు, "సైంటిస్టు మేడం గారి సలహా, వారు చెప్పిన మందులన్నీ మా అంగడిలో లభించును." ఒక్క రోజులో అది మా సేల్స్ వాళ్లకు చేరింది. జిల్లాలో మా డీలర్ ఒకాయన ఫోన్ చేసి, "మీ సైంటిస్టే సల్ఫేటు వేయమంటే మీ సరుకు నేనెవరికి అమ్మాల?" అన్నాడట. మూడు రోజుల్లో వివరణ ఇవ్వమని లెటర్ వచ్చింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మా పెద్దాయన, అదే ఆఫీసు పెద్దాయన, పిలిచి, "నువ్వు నన్ను అడిగినట్టు నాకు గుర్తులేదమ్మా" అన్నాడు. కావాలని అన్నాడని అనుకోను, నిజంగానే మర్చిపోయి ఉంటాడు. నేను మెయిల్ ప్రింటు ఆయన ముందు పెట్టాను. అనుమతి లేఖ, సంఘంతో ఒప్పందం, బ్రాండు పేరు లేని రిపోర్టు, ఫొటో నా అనుమతి లేకుండా పెట్టామని సంఘం ఇచ్చిన లెటర్, అన్నీ జత చేసి ఒక్క పేజీ వివరణ రాశాను. ఇకపై జాగ్రత్త అన్న ఒక వాక్యంతో ఫైలు మూసేశారు. ఆ ఏడాది అప్రైజల్‌లో దీని ప్రస్తావనే రాలేదు. మార్కులు మాత్రం కొంచెం తగ్గాయి. ఎందుకని నేను అడగలేదు.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మొత్తం 1,20,000. సంఘం ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షన్ కింద పది శాతం టీడీఎస్ పట్టుకుని 1,08,000 బ్యాంకులో వేసింది. క్యాష్ ఇస్తామన్నారు, వద్దన్నాను. ఏడాది మొత్తం ఫీజు రాబడి 20 లక్షలకు చాలా కింద ఉంది కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. జీతం ఒక్కటే ఉన్నప్పుడు వేసే ఐటీఆర్-1 ఇక కుదరదని ఆడిటర్ చెప్పాడు. 44ఏడీఏ సెక్షన్ కింద ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపించి ఐటీఆర్-4 వేశాడు. అంటే 60,000 నా జీతానికి కలిసింది. ఇంతవరకు బాగానే ఉంది. ఎవరూ ముందు చెప్పని ముక్క ఒకటుంది. నేను ఇంటి లోను మినహాయింపు కోసం పాత పన్ను విధానంలో ఉన్నాను. అప్పటి రూల్స్ ప్రకారం ఉత్త జీతగాళ్లు ఏటేటా పాతదో కొత్తదో ఎంచుకోవచ్చు. వృత్తి ఆదాయం ఒక్క రూపాయి వచ్చినా పాతదానిలో ఉండాలంటే గడువులోగా ఫారం 10-ఐఈఏ వేయాల్సి ఉండేది. ఒకసారి వేసి మళ్లీ కొత్తదానికి వెళ్తే, ఆ ఆదాయం ఉన్నంతకాలం తిరిగి పాతదానికి రాలేం. ఇది నాకు తెలిసింది 2024 జులై 29న. గడువు 31.

మధ్యలో ఇంకో ఫోన్ వచ్చింది, హైదరాబాదు నుంచి. ఇంట్లో కూర్చుని ఒక గంట మాట్లాడితే చాలు, ఐదు నెలలు తోటలు తిరిగి సంపాదించే దాంట్లో మంచి వాటా ఇస్తామన్నారు. ఏం మాట్లాడాలి అంటే, "మీ రంగం గురించి ఊరికే జనరల్‌గా." మొదటి ప్రశ్న ఏమిటో చెప్పమన్నాను. చీలేటెడ్ ఐరన్‌లో ఏ కంపెనీ కొత్తగా ఏం తెస్తోంది అన్నారు. ఫోన్ పెట్టేశాను. దీనికి అనుమతి అడగాల్సిన పని కూడా లేదు.

మార్చి ఆఖరు ఆదివారం చివరిసారి వెళ్లాను. పెద్దాయన నా కోసం ఎదురు చూడకుండా అప్పటికే ఒక్కో వరుస నుంచి పది లేత ఆకులు కోసి, తువ్వాలు పరిచి, వరుస ప్రకారం పేర్చి పెట్టాడు. ఒక మూల పసుపు. అక్కడి నుంచి పచ్చదనం మెల్లగా చిక్కబడుతూ వచ్చి ఒక చోట ఆగింది. ఆ తర్వాతి గుంపుకూ దానికీ తేడా కంటికి ఆనలేదు. ఆయన నా మొహం వైపు చూస్తున్నాడని తెలిసి డ్రిప్ పైపులు చూస్తున్నట్టు పక్కకు తిరిగాను. "నువ్వు చెప్పొద్దులేమ్మా, నాకు తెలిసిపాయ" అన్నాడు.

వారం తర్వాత ఆఫీసు క్యాంటీన్‌లో మా హెడ్డు టీ కప్పుతో ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "అవునూ, ఆ గార్లదిన్నె తోటలో ఐరన్ వేయించావట కదా. రైతు తోటలో మనవాళ్లు ఎప్పుడూ వేయలేదు. ఎట్లా వచ్చింది? ఏ డోసుకు రెస్పాన్స్ ఆగింది?"

"సార్, అది వాళ్ల డేటా. వాళ్లనడక్కుండా నేను చెప్పకూడదు. మీ లీగల్ వాళ్లు ఒప్పుకున్న లైనులోనే ఉంది."

ఆయన టీ తాగడం ఆపి నన్ను కాసేపు చూశాడు. "అయితే అడుగు" అన్నాడు.

సాయంత్రం ఛైర్మన్‌కు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆయన అవతల పెద్దాయనతో ఏదో గుసగుసలాడటం వినిపించింది. తర్వాత ఫోన్లోకి వచ్చాడు.

"ఇస్తాం మేడం, ఇయ్యకుండా ఏముంది. ఫీజు ఎంత ఇస్తారంట?"